నీలం రబ్బరు బ్యాండు చుట్టిన డిస్కు

సర్వరు డాక్టరుగారికి,

మీ ముసలి సర్వరు పొద్దుటి నుంచి టకటకమంటుంటే మీరు రాసిపెట్టిన కమాండ్ కొట్టి చూశాను, రెండు డిస్కుల్లో ఒకటి పోయేలా ఉంది. రెంటిలోనూ ఉన్నది ఒకటే కాబట్టి కంగారు పడకండి, పాడైనది మారిస్తే చాలు. కొత్తది బీరువా పైన ఉంది.

డిస్కులకు మీరు అతికించిన నంబర్లు మాత్రం నమ్మకండి. పెట్టె గోడవైపు తిరిగి ఉన్నప్పుడు అతికించారు, అవి తారుమారయ్యాయి. పోయినసారి ఇలాగే మంచి డిస్కు పీకేసి, తప్పు నాదైనట్టు రెండు రోజులు మూతి ముడుచుకున్నారు. ఈసారి నేనే మిషను ఆపి, తెరమీద కనిపించిన సీరియల్ నంబరుతో డిస్కుల మీద ఉన్నవి పోల్చి చూసి, పాడైనదానికి నా నీలం రబ్బరు బ్యాండు చుట్టాను. అదే తీయండి. డ్యూటీకి టైమైంది, వెళ్తున్నాను.

అన్నట్టు, ఆపే ముందు ముఖ్యమైనవన్నీ పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించాను. "పాత లాగ్స్" ఫోల్డరు అంత బరువేంటా అని తెరిస్తే, అన్నీ నేను వంటింట్లో పాడుకున్న పాటలే. నేను గొంతెత్తగానే తలుపేసుకునే మనిషి, పదకొండేళ్లుగా ఇవన్నీ ఎప్పుడు రికార్డు చేశారండీ? ఎదురుగా ఒక్కసారి బాగుందంటే మీ సొమ్మేం పోయేది?

ఆ ఫోల్డరు మాత్రం రెండు కాపీలు తీశాను.