మెలికల కాలువ నాది

మదనపల్లెలో కాపురముంటున్న, కీర్తిశేషులు మునెప్ప కుమారుడను, రసాయనశాస్త్ర అధ్యాపకుడిగా రిటైరైన వెంకటముని అను నేను, గుండె బలహీనపడినా బుద్ధి నిలకడగా ఉండగానే, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయించిన వీలునామా ఇది. దీన్ని అమలు జరపవలసినవారు వకీలు మాలతి గారు.

1. నా స్వార్జితమైన ఇల్లు నా భార్య కృష్ణవేణికి సర్వహక్కులతో చెందవలెను. ఆమె మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. అది కింద రాశాను.

2. నా మైక్రోస్కోపు, నేను చేసిన గాజు చిప్‌లు పుంగనూరులో పాఠాలు చెప్పే మా అమ్మాయి సుప్రియకు దఖలు పరుస్తున్నాను. 1997లో నేనూ, నాతో పనిచేసే ఇక్బాలూ బోరునీళ్లలో ఫ్లోరైడు కొలవాలని గాజుబిళ్ల మీద వెంట్రుకంత సన్నటి కాలువలు చెక్కాము; ఆ బిళ్లనే చిప్ అంటాము. ఒక చుక్క నీరు, ఒక చుక్క రంగుమందు చాలు; రెండూ కలిస్తే మారే రంగును బట్టి ఫ్లోరైడు ఎంతో తెలుస్తుంది. అయితే అంత ఇరుకు దారిలో రెండు ధారలూ పక్కపక్కనే పోతాయి తప్ప ఒక పట్టాన కలవవు. కాలువను మెలికలు తిప్పితే కలుస్తాయన్నది నేను. కానీ నా చిప్‌లలో ఎప్పుడూ గాలిబుడగ ఇరుక్కునేది. ఇక్బాల్ కుప్పం కాలేజీకి మారాక అదే మెలికల చిప్‌ను బుడగ పట్టకుండా చేసి చూపించాడు. తంబళ్లపల్లె బోర్లన్నీ దాంతోనే పరీక్షించారు. జనం దాన్ని ఇక్బాల్ చిప్ అన్నారు. తనకు జరిగిన సన్మానసభలో వాడు మైకు పట్టుకుని, "మెలికల ఆలోచన మా వెంకటమునిదప్పా, నాది కాదు" అన్నాడు. దాచిపెట్టి ఉంటే హాయిగా తిట్టుకునేవాణ్ణి. ఆ సుఖం కూడా నాకు దక్కనివ్వలేదు. ఇంటికి రాగానే కృష్ణవేణి, "ఇక్బాలన్న చిప్‌లో నీళ్లు ఎంత సక్కగా పోతాండాయో సూస్తిరా?" అంది. ఆ పూట నేను అన్నం ముట్టలేదు.

3. నా సంతాపసభలో ఇక్బాల్ మాట్లాడరాదు. వాడు మాట్లాడితే అందరూ ఏడుస్తారు. అక్కడా పేరు వాడికే వస్తుంది.

4. చిప్‌లోకి నీటిని వణుకు లేకుండా తోసే సిరంజి పంపు నా చేతులతో బిగించినది. ఇక్బాల్ పంపు ఇప్పటికీ కుదుపుతుంది. నాది ఇమ్మని ఎన్నోసార్లు అడిగాడు, ఇవ్వలేదు. నా తదనంతరం అది వాడికే చెందవలెను. దాని విలువ తెలిసినవాడు ఇంకొకడు లేడు.

సాక్షి సంతకం పెడతానని ఈరోజు వాడు కుప్పం నుంచి బస్సెక్కి వచ్చాడు. నేను వద్దన్నాను. "నా సంతకం నీకు పనికిరాదా? యాల?" అని అలిగి వరండాలో కూర్చున్నాడు. సాక్షిగా సంతకం చేసినవాడికి వీలునామాలో రాసినది దక్కడానికి చిక్కులొస్తాయని మాలతి గారు చెప్పారు. ఈ సంగతి నేను బతికుండగా వాడికి తెలియనివ్వకండి.

మదనపల్లె, 14 ఆగస్టు 2006

(సంతకం) వెంకటముని

సాక్షులు:
మునిస్వామి, కాలేజీ ల్యాబ్ అటెండరు
ఆదిలక్ష్మమ్మ, పక్కింటివారు