ఎల్లవ్వ బర్రె, ఆరో పాట

జూలై 1, సోమవారం

మళ్లీ ఉదయం బ్యాచే. పాలమూరు ఇంకా లేవనేలేదు, మేం మాత్రం డయాలసిస్ మంచాల మీద చేతులు చాపి పడుకున్నాం. నాలుగు గంటలు రక్తం మిషన్‌లోకి పోవడం, కడిగించుకుని తిరిగి రావడం. వారానికి మూడు రోజులు. ఎన్నాళ్లో డాక్టరు చెప్పడు, నేనూ అడగను.

రోజుకొకరు తెచ్చిన పాటలు అందరం వింటాం, ఈరోజు ఆల్బమ్ వంతు ఖాజాది. నా పక్క మంచం. ఆటో అమ్మేసుకున్నా కవ్వాలీల మోజు మాత్రం పోలేదు. స్పీకర్ చిన్నగా పెట్టుకోవడానికి సిస్టర్ స్వప్న ఎప్పుడో ఒప్పుకుంది. "సారూ, గీ ఆల్బమ్ ఇంటే పానం లేచొస్తది" అన్నాడు. రెండు పాటలు బాగున్నాయి, మిగతావి నింపుడు సరుకు. ఆ మాటే అన్నాను. వినమని చెప్పేవాడు అబద్ధం చెప్పకూడదు... మా మధ్య ఉన్న షరతు ఇదొక్కటే. ఖాజా మొహం ముడుచుకున్నాడు. ముడుచుకోనీ.

జూలై 3, బుధ

ఎదురు మంచం అనసూయ వంతు. జడ్చర్ల అవతల పల్లె నుంచి వస్తుంది. మొబైల్ షాపులో నింపించిన మెమరీ కార్డు తెచ్చింది. అన్నీ బతుకమ్మ పాటలు, వాటి వెనక డీజే దరువు. పళ్లు బిగబట్టి విన్నాను.

"కరెంటాఫీసు సారుకు నచ్చలే" అని నన్ను చూసి నవ్వింది.

నచ్చలేదు. కానీ ఒక పాటకు, సూది లేని చేత్తో మంచం పట్టీ మీద తాళం వేసుకుంది. ఆ పాట మళ్లీ పెట్టమని నేనే అడిగాను.

జూలై 5, శుక్ర

అనసూయ రాలేదు.

జూలై 8, సోమ

వచ్చింది. మొహం, కాళ్లు ఉబ్బి ఉన్నాయి. శుక్రవారం ఏమైందని అడిగితే...

"యాష్టకొచ్చింది సారూ. పొడిపిచ్చుకునుడు, ఇంటికి పోయి పండుడు, మల్ల వచ్చుడు. నా తోడు వస్తే మా ఆయనకు పని ఉండది. ఇగ ఆపేస్తా."

సిస్టర్ గట్టిగా కోప్పడింది. ఆపితే ఏమవుతుందో ఆ గదిలో తెలియనివాళ్లు లేరు.

వంతు నాది. వేణువు పెడదామనుకుని వచ్చినవాణ్ని, ఎల్లవ్వ ఆల్బమ్ పెట్టాను. ఎప్పుడో అచ్చంపేట సంతలో కొన్న క్యాసెట్, కిన్నెర మీటుతూ పాడిన కథ, ఇప్పుడు ఫోన్‌లోకి ఎక్కించుకున్నాను. తప్పిపోయిన బర్రెను వెతుక్కుంటూ నల్లమలలోకి పోయిన ఎల్లవ్వ కథ. ఆరు పొడుగు పాటలు. రెండో పాట చివర ఎల్లవ్వ వాగు దాటింది. అక్కడ ఆపేశాను. ఆల్బమ్‌ను మధ్యలో ఆపేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. అయినా ఆపాను.

"అరె, ఆపినవేంది సారూ? బర్రె దొరికిందా?"

"ఎల్లుండి వస్తే తెలుస్తది."

నా మొహంలోకి చూసింది. ఎందుకు ఆపానో అర్థమైంది. "గట్లనా" అంది.

జూలై 10, బుధ

వచ్చింది! మూడో పాట. ఎల్లవ్వ గువ్వలను అడుగుతుంది, నా బర్రెను చూశారా అని. "గువ్వలనేం అడుగుతది, పెండ చూసుకుంట పోవాలె గద" అంది అనసూయ. ఖాజా నవ్వి నవ్వి, సూది ఉన్న చెయ్యి కదిపి మిషన్ కూత పెట్టేలా చేశాడు.

జూలై 12, శుక్ర

నాలుగో పాట. అనసూయ నా కంటే ముందే వచ్చి పడుకుని ఉంది.

చాలా రోజులకు సంతోషం. ఇంట్లో మా ఆవిడ విజయ డాక్టరు చెప్పిన లెక్కకు నీళ్లు చిన్న గ్లాసుతో కొలిచి పోసింది, కసురుకోకుండా తాగాను. నా ఆల్బమ్ ఒక మనిషిని నిలబెడుతోందని గర్వం కూడా. ఈ వయసులో ఇదేం పిచ్చి.

జూలై 15, సోమ

ఐదో పాట. చివర్లో లోయలోంచి బర్రె మెడ గంట వినిపిస్తుంది. ఆపేశాను. అనసూయ లేచి కూర్చోబోతే సిస్టర్ అరిచింది.

"గంట ఇనవడ్డది! ఇగ దొరికినట్టే! అంతే గద సారూ?"

నేను కిటికీ వైపు తిరిగాను.

ఆరో పాట నాకు తెలుసు. గంట దొరుకుతుంది, ముళ్లకంపకు తగులుకుని గాలికి ఊగుతూ. బర్రె ఉండదు. ఎల్లవ్వ ఆ గంట తీసుకుని, మోగకుండా దాని నాలుకను గుప్పిట్లో బిగబట్టుకుని ఊరి దారి పడుతుంది. నా మట్టుకు అంతకు మించిన పాట లేదు. దాని కోసమే ఈ ఆల్బమ్ అందరినీ వినమంటాను. అనసూయకు పెట్టేటప్పుడు ఆ చివర గుర్తుకు రాలేదా? వచ్చింది. పాట గొప్పదని చూశాను, వినే మనిషిని చూడలేదు.

జూలై 17, బుధ

వంతు ఖాజాకు ఇచ్చేశాను. "ఆరోది?" అంటే ఫోన్‌లో చార్జింగ్ లేదన్నాను.

జూలై 19, శుక్ర

మళ్లీ అడిగింది. సోమవారం అన్నాను.

"ఊకె దినాలు నడిపియ్యకు సారూ" అంది. నవ్వలేదు.

జూలై 22, సోమ

రాలేదు.

జూలై 24, బుధ

రాలేదు. ఆ మంచం మీద కొత్తాయన, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. ఏం వింటున్నావని కూడా అడగబుద్ధి కాలేదు.

జూలై 25, గురు

ఫోన్ చేశాను. అనసూయ భర్త మల్లయ్య ఎత్తాడు. "ఎంత చెప్పినా ఇంటలేదు సారూ. బండి తెస్తే ఎక్కలే. దమ్ము ఆడుతలేదు... ఇగో, ఇస్తున్న, నువ్వన్న చెప్పు."

చాలాసేపు ఊపిరే వినిపించింది.

"సారూ... బర్రె దొరికిందా?"

"రేపు రా అనసూయమ్మా. అందరం కలిసి ఇందాం."

"నాతోని కాదు. చెప్పు. దొరికిందా?"

"దొరికింది."

"పానంతోనేనా?"

"పానంతోనే. గంట మోగించుకుంట ఇంటికొచ్చింది."

"నేనన్న గద..." మళ్లీ ఊపిరి. "అయితే గా పాట పంపు సారూ. నేను గూడ ఇంట."

పంపుతానన్నాను.

జూలై 26, శుక్ర

ఖాజాకు అంతా చెప్పాను. "పంపకు సారూ" అన్నాడు. అరగంట పోయాక, "పంపు, అడిగింది గద" అన్నాడు. సూదులు తీసేటప్పుడు మళ్లీ, "నాకు సమజ్ అయితలేదు సారూ" అని కళ్లు తుడుచుకున్నాడు. ఈరోజు ఎవరి వంతో ఎవరూ అడగలేదు. మిషన్ల చప్పుడు విన్నాం.

ఆమె ఇక రాదు. ఎన్ని పాటలు దాచి పెట్టినా రాదు. నాది మాత్రం ఏముంది, రేపోమాపో.

జూలై 27, శని

మల్లయ్య వాయిస్ మెసేజ్. "సారూ, పాట రాలేదంటాంది. ఫోను చెవు కాడనే పెట్టుకుంది. సిగ్నల్ లేదేమో సూడుమంటాంది."

ఆరో పాట తీసి పెట్టుకున్నాను. మల్లయ్య పేరు మీద వేలు పెడితే చాలు, పోతుంది. విజయ అన్నానికి పిలిచింది, వస్తున్నా అన్నాను, పోలేదు.

మల్లయ్య ఇంకా ఆన్‌లైన్‌లోనే ఉన్నాడు.