దెబ్బ నుంచి ఎత్తుకోవాలి

1957 నవంబర్ 9, నందిగామ

ఎడమ చెవిలో కీచురాయి కూస్తోంది, నిన్నటి నుంచీ.

కాలేజీ నాటక సంఘం ఈ ఏడు ముందు వేసిన రెండు నాటకాలకీ కుర్చీలే ప్రేక్షకులు. ఇది మూడోది, పాటలున్నది. భార్య వేషం నాది. మొగుడు నరసింహారావు – నాకంటే రెండేళ్ళు పైవాడు, కీసర ఆసామి కొడుకు, చెయ్యి తాటిపట్టె. రిహార్సల్లో వాడు గాలిలో చెయ్యి విసిరేవాడు, నేను అరచేతులు చరిచి మొహం తిప్పేవాణ్ణి. నిన్న స్టేజీ మీద నిజంగానే కొట్టాడు. కళ్ళనీళ్ళతోనే ఏడుపు పాట ఎత్తుకున్నా. అంత బాగా ఎప్పుడూ పాడలేదు, అదీ నా ఖర్మ. జనం వన్స్ మోర్ అన్నారు.

వన్స్ మోర్ అంటే మళ్ళీ పాడాల్సిందే. హార్మోనియం మొదలైంది. వాడు దగ్గరకొచ్చి, మెల్లిగా... "పాటొక్కటే ఎట్లా? దెబ్బ నుంచి ఎత్తుకోవాలిగా."

మళ్ళీ కొట్టాడు.

నవంబర్ 10

తెలుగు మాస్టారికి చెప్పా. నాటకం రాసిందీ, ఆడిస్తున్నదీ ఆయనే. "పండిందోయ్ నాటకం. అదే ఉంచుదాం." నా చెంప మీద వేళ్ళ అచ్చులు చూస్తూనే అన్నారు.

నవంబర్ 12

దిండు మీద నెత్తురు. డాక్టరు గారు చెవిలో లైటు వేసి చూసి – "పొర చిరిగింది. మానుతుంది. ఇంకో దెబ్బ పడిందా..." ఆపేశారు. శ్రుతి వినపడకపోతే నేను పాడేదేముంది. పాట తప్ప నాకు వచ్చిందేముంది. భయమేస్తోంది.

నవంబర్ 15

నరసింహారావుకి డాక్టరు మాట చెప్పా. నవ్వాడు. పోనీ కుడిచెంప మీద కొట్టమన్నా. "నాది కుడిచెయ్యి కదటోయ్. నీకోసం ఎడంచెయ్యి అలవాటు చేసుకోనా?" పక్కనున్న వాళ్ళూ నవ్వారు.

వేషం మానేద్దామనుకున్నా. అప్పుడా పాట ఇంకెవడో పాడతాడు. అది మాత్రం జరగనివ్వను.

నవంబర్ 23, మైలవరం

దెబ్బ సంగతి మాకంటే ముందే ఇక్కడికొచ్చింది. ముందు వరసలో వాళ్ళు "ఇప్పుడు కొడతాడు చూడు" అంటున్నారు. కొట్టాడు. వన్స్ మోర్. కొట్టాడు. వన్స్ మోర్. మూడోసారికి హార్మోనియం ఎక్కడో పక్క వీధిలో మోగుతున్నట్టుంది. నా గొంతు నాకు తెలీలా. శ్రుతి తప్పే ఉంటా, ఎవరూ పట్టించుకోలా. వాళ్ళు పాట కోసం రాలేదు.

నవంబర్ 24

ఎడమ చెవికి గడియారం ఆనించా. లేదు. తిప్పి కుడి చెవికి... ఉంది. మళ్ళీ ఎడమ. లేదు.

వాణ్ణి చంపాలనుంది. రాశా, కొట్టెయ్యను.

నవంబర్ 29, జగ్గయ్యపేట

ఇంట్లో ఉన్నా. రేపిక్కడ ఆట. ఆఖరి సీనులో భార్య రోకలెత్తి మొగుణ్ణి కొడుతుంది, వాడు పడతాడు, తెర. రోకలి అట్టతో చేసి రంగేసింది.

అమ్మ వంటింట్లోంచి – "రోకలేదిరా, కారం దంచాలి."

"నాటకానికి."

"అట్టది చేశారన్నావుగా?"

చీరల మధ్య చుట్టి సంచిలో పెట్టా. రోకలి కొసకి ఇనప పొన్ను తొడిగి ఉంది. బరువుగా ఉంది.

డిసెంబర్ 1

నిన్న ఆటలో వాడు రెండుసార్లు కొట్టాడు. పాడా. ఆఖరి సీను వచ్చింది.

వాడి ఎడమ చెవికే గురి పెట్టా. చేతిలోది అట్ట కాదని పైకెత్తినప్పుడే కనిపెట్టినట్టున్నాడు, తల పక్కకి తప్పించాడు. భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు కుడిచెవికి బాగా వినిపించింది. బల్లల మీద పొర్లుతూ "అమ్మా, అమ్మా" అని అరిచాడు. జనం చప్పట్లు. వన్స్ మోర్.

హార్మోనియం ఆయన అలవాటు కొద్దీ ఎత్తుకున్నాడు. నా చెయ్యి లేచింది.

తెర ఎవరు దించారో, వాళ్ళ కడుపు చల్లగా. దించకపోతే కొట్టేవాణ్ణి. దించాక కూడా కొట్టాలనే ఉంది.

డిసెంబర్ 3

రోకళ్ళు తారుమారయ్యాయట. బెజవాడ ఆస్పత్రిలో వాడే అలా చెప్పాడట. ఆడవేషం చేతిలో తన్నులు తిన్నానని ఏ మొహంతో చెప్పుకుంటాడు. నన్నెవరూ అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణేమో.

డిసెంబర్ 8

హార్మోనియం ఆయన వచ్చాడు, వాడి కబురుతో. కట్టు విప్పాక నందిగామలో మళ్ళీ ఆడదామన్నాడట. ఈసారి వేషాలు మార్చుకుని.

అంటే చెంపదెబ్బ కొట్టేది నేను. రోకలెత్తేది వాడు.

మాస్టారు సరేనన్నారట. జనం విరగబడతారట.

వంటింట్లో అమ్మ కారం దంచుతోంది, అదే రోకలితో. ఒక్కో పోటూ కుడిచెవికి వినపడుతోంది. ఆయన అరుగు మీద కూర్చున్నాడు, "ఏం చెప్పమంటావయ్యా" అని ఇప్పటికి రెండుసార్లు అడిగాడు. వద్దని చెప్పాలి. కుడిచెయ్యి దురద పెడుతోంది.