అవ్వ చేతులు

బావా,

అక్క దినాలనాడు మస్కట్ నుంచి ఫోన్ చేసి, "నీ తంబాకే నా పెండ్లాన్ని తిన్నది" అని మా అవ్వను, నీ అత్తను అన్నవ్. ఆ తర్వాత నువ్వు ఫోన్ ఎత్తుతలేవు. అందుకే రాస్తున్న.

అక్కకు మొదలు అందరి లెక్కనే జ్వరం, జలుబు. జ్వరం తగ్గినంక నాలుగడుగులేస్తే దమ్మొచ్చేది. బీడీలు చేసేటోళ్లకు దమ్ము కొత్తనా అనుకున్నం. అవ్వ బీడీల చాట గుంజుకొని, "కొన్నొద్దులు తంబాకు ముట్టకు బిడ్డా" అన్నది. అక్క పడిపోయినంకనే బోధన్ నుంచి నిజామాబాద్ తీస్కపోయినం. ఫ్లూ వైరస్ గుండె కండరానికి పాకి వాపొచ్చిందని, ఎవరికో ఒకరికి గిట్లయితదని అక్కడి డాక్టర్ చెప్పిండు. తంబాకు వల్ల కాదని నేను రెట్టించి అడిగి తెలుసుకున్న.

అవ్వకు చెప్తే, "నువ్వు నా బిడ్డవు, నన్ను ఊకోబెడుతున్నవ్" అంటది. అక్కకు బీడీలకు తునికాకు కత్తిరించుడు నేర్పిన చేతులను కొంగుల దాచుకొని కూసుంటది. అన్నం బుక్క నేనే నోట్ల పెట్టాలె.

నువ్వు చెప్తే నమ్ముతది. ఆ మాట అన్నది నువ్వే కదా. నీకు నమ్మబుద్ధి కాకున్నా సరే బావా, ఒక్కసారి ఫోన్ చేసి, "అత్తా, నీ చేతులల్ల తప్పేం లేదు" అను.

నీ మరదలు