దయామయీ, ఒక రొట్టె

మా అన్నయ్యను ఒక్క చూపుతో కూర్చోబెట్టగల మా వదినకి,

ఉత్తరం ఇంటికి కాకుండా నీ ల్యాబ్ అడ్రసుకి వచ్చిందేమిటని కంగారు పడకు. ఫోన్ చేస్తే అన్నయ్య స్పీకర్ పెడతాడు, అమ్మ పక్కనుంచి "తిన్నావా" అంటుంది, నువ్వు వెనకాల ఎక్కడో నిలబడి నవ్వుతుంటావు. అందరి ముందూ నేను రేడియోలా మోగాలి. పేరే అది పెట్టారాయె. నీ ఒక్కదానితో మాట్లాడాలంటే నాకు ఇంతకంటే దారి తోచలేదు. ఎవరిదో చెయ్యి పట్టుకుని రక్తం తీస్తున్నప్పుడు మాత్రం ఇది తెరవకు. పాపం, వాళ్ళకి రెండుసార్లు గుచ్చుతావు.

గది బాగుంది. మంచం, బల్ల, కుర్చీ. కిటికీ తెరిస్తే ఎదురింటి గోడ, చెయ్యి చాపితే అందుతుందేమో అన్నంత దగ్గరగా. ఇంటావిడ సిటీ బస్సు నడుపుతుంది. నేను లేచేసరికి డ్యూటీకి వెళ్ళిపోయి ఉంటుంది, వచ్చేసరికి కాళ్ళు చాపుకుని టీవీ ముందు నిద్రపోతూ ఉంటుంది. వచ్చిన రోజు దప్పికతో నాలుక పిడచకట్టుకుపోయింది, కుళాయి నీళ్ళు తాగొచ్చా అని అడుగుదామంటే ఆవిడ నిద్ర చెడగొట్టబుద్ధి కాలేదు. తాగేశాను. ఏమీ కాలేదు.

యూనివర్సిటీలో పొద్దున ఇంగ్లీషు సాహిత్యం, మధ్యాహ్నం స్పానిష్ సాహిత్యం. ఇంగ్లీషు పద్యాన్ని కూడా వీళ్ళు స్పానిష్‌లోనే చర్చిస్తారు. ఇప్పుడు నవ్వుకోవడానికి ఒక సంగతి చెబుతాను. అక్కడ మన కాలేజీలో మాకు వాడుక స్పానిష్ నేర్పాల్సిన మేడం కాన్పు సెలవు మీద వెళితే, ఆ క్లాసు కూడా నాటకాల మాస్టారే తీసుకున్నారని చెప్పాను గుర్తుందా? ఆయనకు నాలుగు వందల ఏళ్ళ కిందటి నాటకాలు తప్ప వేరే లోకం లేదు. మాచేత రాణుల వేషాలూ సేనాపతుల వేషాలూ వేయించి, సంభాషణలు బట్టీ పట్టించారు. చిన్నప్పుడు నాకు వస కాస్త ఎక్కువే పోశారు కదా, క్లాసులో ఫస్టు నేనే. మనుషులు ఇలాగే మాట్లాడుకుంటారనుకున్నాను. ఇక్కడికొచ్చి, మూల మీద రొట్టెల కొట్టుకి వెళ్ళి, "దయామయీ, ఒక రొట్టె ప్రసాదింపుము" అన్నాను! మన భాషలోకి తెస్తే సరిగ్గా అలాగే ఉంటుంది. మన వీధి కిరాణా కొట్లో నిలబడి ఎవరైనా "ఓయీ వణిజోత్తమా, అరకిలో పంచదార నొసంగుము" అంటే ఎలా ఉంటుందో ఊహించుకో. రొట్టె మాత్రం ఇచ్చారులే.

నా గురించి బెంగ పెట్టుకోకు. అమ్మకు ఈ రొట్టె సంగతి చెప్పు, నవ్వుతుంది.

నీ
రేడియో


ఓపిగ్గా వినే మా వదినకి,

మొదటి ఉత్తరంలో సగమే రాశాను. నవ్వొచ్చే సగం.

రొట్టె అడిగాక ఏం జరిగిందో రాయలేదు. కొట్టావిడ నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, లోపల పిండి కలుపుతున్న మొగుణ్ణి కేకేసింది. "ఇటు రావయ్యా, ఈ పిల్ల మాట విను!" అంది. ఆయన చేతులు దులుపుకుంటూ వచ్చి నిలబడ్డాడు. "ఏదీ, ఇంకోసారి చెప్పమ్మా" అన్నారు ఇద్దరూ. నాకు అప్పటికింకా సంగతి తెలియదు వదినా. సరిగ్గా వినపడలేదేమో అనుకుని ఇంకాస్త గట్టిగా, ఇంకాస్త స్పష్టంగా, మాస్టారు నేర్పినట్టు చెయ్యి కూడా ముందుకు చాపి చెప్పాను. కొట్టు కొట్టంతా నవ్వింది. ఎందుకో తెలియకుండానే నేనూ నవ్వాను. గదికి వచ్చి తలుపు వేసుకునేదాకా ఆ నవ్వు నా మొహం మీదే ఉండిపోయింది.

మర్నాడు క్లాసులో ఒక ఇంగ్లీషు పద్యం గురించి అడిగారు. ఆ పద్యం నాకు చాలా ఇష్టం. లేచి చెప్పడం మొదలుపెట్టాను. ఇక్కడి మేడం కళ్ళజోడు తీసేసి కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. చెడ్డ మనిషి కాదు, తర్వాత పిలిచి క్షమించమంది. మా తాతల ముత్తాతలు కూడా నీలా మాట్లాడి ఉండరు, అని అసలు సంగతి చెప్పింది కూడా ఆవిడే. అప్పటి నుంచి వరండాలో నేను కనపడితే పిల్లలు నడుము వంచి "మహారాణీ" అంటారు. సరదాకే, నాకు తెలుసు. సరదా చేయడం నాకంటే ఎవరికి తెలుసు? కానీ నేను తిరిగి ఒక్క చురక కూడా అంటించలేకపోయాను. తల కొట్టేసినట్టయింది.

మామూలు మాటలు నేర్చుకోవచ్చు కదా అంటావు. నేర్చుకున్నాను. అద్దం ముందు గడగడా వస్తాయి. తీరా మనిషి ఎదురుగా నిలబడితే ముందు నోట్లోకి వచ్చేది ఆ రాణుల మాటే. అది రాకుండా పళ్ళు బిగబట్టేసరికి ఇంకేదీ రాదు. దాంతో మాట్లాడటమే మానేశాను. ఇక్కడ నోరు విప్పకుండా బతకడం ఎంత తేలికో నీకు తెలియదు. సూపర్ మార్కెట్లో రొట్టెను మిషనుకు చూపించి సంచిలో వేసుకోవచ్చు. బస్సులో కార్డు ఆనిస్తే చాలు. లైబ్రరీలో పుస్తకం కూడా మిషనే ఇస్తుంది. మూల మీది కొట్టు తప్పించుకోవడానికి వెనక వీధిలోంచి తిరిగి వెళుతున్నాను. ఇంగ్లీషు పుస్తకాలు చదివి, స్పానిష్‌లో నోరు మూసుకుని కూర్చుని, తెలుగులో ఏడుస్తున్నాను.

మొన్న ఇంటావిడ ఎవరితోనో ఫోన్‌లో చెబుతుంటే వినపడింది. "చాలా నెమ్మదస్తురాలు. ఇంట్లో ఇంకో మనిషి ఉన్నట్టే ఉండదు." నా గురించే! నెమ్మదస్తురాలంట! అన్నయ్య వింటే కిందపడి దొర్లుతాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆవిడ మెచ్చుకుంటున్న ఆ పిల్ల ఎవరో నాకు తెలియదు. ఆవిడకు నేను తెలియదు. ఈ ఊళ్ళో నేను ఎవరికీ తెలియదు వదినా. గదిలో మంచం, బల్ల, కుర్చీ అని మొదటి ఉత్తరంలో రాశాను, ఉన్నది ఒక్కటే కుర్చీ అని రాసేటప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడు రోజూ దాన్నే చూస్తూ కూర్చుంటున్నాను.

అందుకని టికెట్టు కొనేశాను. వచ్చే నెల మొదటి ఆదివారం. ఈ ఏడాది ఇక్కడ పూర్తిచేస్తేనే డిగ్రీ ఇస్తారు, మధ్యలో వచ్చేస్తే చదివిందంతా నీళ్ళపాలే. తెలుసు. ఎప్పుడూ గొంతు పెంచని నువ్వు, అమ్మతోనూ అన్నయ్యతోనూ పోట్లాడి నన్ను పంపావు. నీ మాట తీసేసినట్టవుతుంది. అదీ తెలుసు. తిట్టు, పడతాను. కానీ ఇంట్లో ముందు నువ్వే చెప్పు వదినా, నాకు నోరు రావడం లేదు.

స్టేషన్ అందని
రేడియో


మా రేడియోకి,

నీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. నా కోడిగీతల రాత చూసి నవ్వుకో, ఫరవాలేదు. భోజనం వేళ ల్యాబ్‌లో కూర్చుని రాస్తున్నాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

తిట్టనులే. నీకు ఒక సంగతి చెప్పాలి. మీ అన్నయ్యకు కూడా తెలియదు.

నేను మీ ఇంటికి వచ్చిన కొత్తలో నీకు తొమ్మిదేళ్ళు. మీరంతా "దాహం" అనేవాళ్ళు, మా ఇంట్లో "దప్పిక" అంటాం. అలాంటి మాటలు ఇంకా చాలా ఉండేవి. నేను నోరు తెరిస్తే మీ ఇంట్లో సందడి. ఒకసారి పక్కింటివాళ్ళు వస్తే మీ అన్నయ్య నన్ను పిలిచి, "ఏదీ, దాహాన్ని మీ ఇంట్లో ఏమంటారో చెప్పు" అన్నారు. చెప్పాను. అందరూ నవ్వారు. ప్రేమగానే నవ్వారు. నువ్వు నా వెనకాలే తిరుగుతూ "దప్పీఈఈక" అని సాగదీసేదానివి. చిన్నపిల్లవి, నీ తప్పేం లేదు. కానీ నాకు ఏడుపొచ్చేది. నీళ్ళు కావాలంటే అడగకుండా వెళ్ళి తాగి వచ్చేదాన్ని. కోడలు నెమ్మదస్తురాలని అత్తయ్య అందరికీ చెప్పుకునేవారు. నేను మా అమ్మ దగ్గర పోట్లాటల మనిషిని, నీకు తెలియదు.

పుట్టింటికి వెళ్ళి వస్తానని చెప్పి వెళ్ళిపోదామనుకున్నాను. మళ్ళీ రాకూడదని. పెట్టె సర్దుకుని మంచం కింద పెట్టాను.

ఆ మధ్యాహ్నం నీకు జ్వరం తగిలింది. ఒళ్ళు కాలిపోతోంది. అత్తయ్య నీ నుదుటి మీద తడిగుడ్డ వేస్తున్నారు, నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. కళ్ళు తెరవకుండానే "అమ్మా, దప్పిక" అన్నావు. సాగదీయలేదు. నన్ను చూసి అనలేదు, నేను అక్కడున్నట్టే నీకు తెలియదు. అత్తయ్య వెనక్కి తిరిగి, "దప్పికంటోందమ్మా, నీళ్ళు తే" అన్నారు నాతో. ఆవిడా నవ్వలేదు. ఏం మాట అన్నారో ఆవిడకే తెలియదు. నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి విప్పి నిలబడిపోయాను. గ్లాసు నిండి పొర్లిపోతోంది, నేను ఏడుస్తున్నాను. నువ్వు ఇంకోసారి కేకేస్తే గానీ తెలివి రాలేదు.

నీకు నీళ్ళు పట్టి వచ్చి పెట్టె విప్పేశాను.

నీ మొదటి ఉత్తరం దీంతో పాటే పంపుతున్నాను, మళ్ళీ చదువు. నాలుక దేనితో పిడచకట్టుకుపోయిందని రాశావో చూడు. మన ఇంట్లో ఇప్పుడు ఎవరైనా దాహం అంటున్నారేమో కూడా గుర్తు తెచ్చుకో. మీ అన్నయ్య అంటారా?

రావద్దని రాయడం లేదు. వస్తే ఎయిర్‌పోర్టుకి నేనే వస్తాను, ఇంట్లో నేనే చెబుతాను, ఎవరైనా ఒక్క మాట అంటే ఊరుకోను. కానీ ఆ మూల మీది కొట్టుకి ఒకసారి వెళ్ళు. వాళ్ళ చేతి రొట్టె తిన్నావు, వెనక వీధిలోంచి వచ్చేయడం బాగుండదు. వెళ్ళొస్తానని చెప్పి రా.

పిలుస్తున్నారు. ఎవరో పిల్లాడు సూది చూసి ల్యాబ్ ఎగిరిపోయేలా అరుస్తున్నాడు. నిన్ను తలచుకున్నాను.

నీ
వదిన


దప్పికను మా ఇంటికి తెచ్చిన మా వదినకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. దాహం అనే మాటను పైకి అని చూశాను. ఎవరో పెద్దమనుషులు వాడే మాటలా అనిపించింది. నేను పుట్టినప్పటి నుంచీ మనింట్లో దప్పికే అనుకున్నాను వదినా, ఒట్టు. నువ్వు మంచం కింద పెట్టె పెట్టుకున్న రోజుల్లో నేను అదే మంచం మీద ఎగురుతూ ఉండి ఉంటాను. ఈ బాధ ఉత్తరంలో రాసేది కాదు. వచ్చాక నీ ఒళ్ళో తల పెట్టుకుని చెబుతాను.

నిన్న వెళ్ళాను. వెళ్ళొస్తానని చెప్పడానికే వెళ్ళాను. "ఒక బ్రెడ్ ఇవ్వండి, నేను మా ఊరు వెళ్ళిపోతున్నాను" అన్న రెండు ముక్కలూ మామూలు మాటల్లో దారి పొడుగునా వల్లించుకున్నాను. వాన పడుతోంది, కొట్లో నా ముందు ఒకే ఒక్క ముసలాయన. వీధిలో ఉత్తరాలు పంచే ఆయనే. తడిసిన సంచి పక్కన పెట్టి, మోకాలు నొక్కుకుంటూ, ఈ వానలు తగ్గితే గానీ నొప్పి తగ్గదని గొణుగుతున్నాడు. కొట్టావిడ బల్ల తుడుస్తూ ఊఁ కొడుతోంది. నేను వెనక నిలబడ్డానని ఇద్దరూ చూడలేదు.

"సరే దయామయీ, రెండు ప్రసాదింపుము" అన్నాడాయన.

"ప్రసాదించితిని" అని రెండు రొట్టెలు కాగితంలో చుట్టి ఇచ్చింది. "డాక్టరుకి చూపించరాదూ ఆ మోకాలు?"

ఎవరూ నవ్వలేదు వదినా. ఆయన మోకాలు గురించే ఆలోచిస్తున్నాడు. ఆవిడ తడిబట్ట పిండుకుంటోంది. రోజూ అనుకునే మాటలాగే అనుకున్నారు. ఆయన వెళ్ళిపోయాడు, నేను ముందుకు వచ్చాను. వల్లించుకున్నది వల్లించుకున్నట్టు, "ఒక బ్రెడ్ ఇవ్వండి" అన్నాను.

ఆవిడ తుడవడం ఆపేసి నా మొహంలోకి చూసింది.

"ఏంటమ్మా, ఒంట్లో బాగోలేదా?" అంది.

ఇక్కడికి వచ్చాక నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడ. రెండో ముక్క చెప్పనే లేదు. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి, నేను ఆపలేకపోతున్నాను. ఆవిడ బల్ల చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చి నా చెయ్యి పట్టుకుని పిండి బస్తాల పక్కన స్టూలు మీద కూర్చోబెట్టింది. "ఇన్నాళ్ళూ ఎటు పోయావు? మా ఆయన రోజూ అడుగుతున్నాడు, మా మహారాణి రాలేదేమని. ఏం కావాలి చెప్పు" అంది.

నాకు నిజంగానే గొంతెండిపోయింది. దప్పికకు నా నోటికి వచ్చిన మాట ఒక్కటే, నాటకంలో గాయపడిన రాణి అనే మాట. ఈసారి పళ్ళు బిగబట్టలేదు. అదే అన్నాను.

ఆవిడ నవ్వలేదు. నీళ్ళు తేవడానికి లోపలికి వెళుతూ ఆ మాటను ఒకసారి తనలో తాను అనుకుంది, తర్వాత కొంచెం పైకి, "వినవయ్యా, పాపకి..." అంటూ మొగుడితో కూడా దప్పికకు అదే మాట వాడింది.

టికెట్టు రద్దు చేసేశాను. ఇంట్లో నువ్వింకా చెప్పలేదన్నావు కదా, ఇక చెప్పకు.

నీ
రేడియో