అందరూ రావాలి మరి

చినగెడ్డవలస,
డిసెంబరు 1.

ఆడపడుచు జాయ్స్‌కి,

వదిన లిదియా ప్రభువు పేరున వందనాలు చెప్పి రాసేది. మేమిక్కడ చలికి వణుకుతూ బాగానే ఉన్నాం. మీరక్కడ ఏసీ వేసుకుని బాగానే ఉంటారని తెలుసు.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని ఆశ్చర్యపోకు. మా ఊళ్లో సిగ్నలు చర్చి మెట్ల మీద తప్ప దొరకదు. మీ అన్నయ్య సంఘపెద్ద అయినప్పటినుంచి ఫోను స్పీకర్లో పెట్టి తప్ప మాట్లాడడు. చెవి దగ్గర పెట్టుకుంటే ఎవరికీ వినిపించదట! ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉండాలి, అందుకని కాగితం మీద పెడుతున్నాను.

ఈ క్రిస్మస్‌కి నాకు అరవై నిండుతాయి. క్రిస్మస్ రోజున పుట్టడం వరమని అందరూ అంటారు. అన్నవాళ్లెవరూ ఆ రోజు గుండిగ దగ్గర నిలబడలేదు. పొద్దున్నే ఊరందరి పులావుకీ పొయ్యి ముట్టిస్తే, చివరి పంక్తి లేచేసరికి నా పుట్టినరోజు అయిపోతుంది. ఎవరైనా నాకు "హేపీ" అని మొదలుపెట్టినా, మాట సగంలో ఉండగానే కంచం ముందుకు చాపుతారు.

పెళ్లయిన కొత్తలో మీ అన్నయ్య ఒక మాట ఇచ్చాడు. నీ పుట్టినరోజుకి వైజాగు తీసుకెళ్తాను, సముద్రం కనిపించే హోటల్లో పెడతాను, నువ్వు మంచం దిగకుండానే ఎవరో టీ తెచ్చిస్తారు అని. ఆ మాట మీదే ఇన్నేళ్లూ కాపురం చేశాను. ఒక ఏడాది ఆవు ఈనింది. ఒక ఏడాది పాస్టరుగారు మారారు. మిగతా ఏళ్లన్నీ మీరు వచ్చారు.

ఈసారి మాత్రం జీపు నడిపే సుక్రు బీచి రోడ్డులో గది మాట్లాడేశాడు. ఇరవై నాలుగున బయల్దేరతాం. మీ అన్నయ్య కూడా ఊఁ అన్నాడు. గుండిగ పక్కింటి సోములమ్మకి అప్పజెప్పాను. కాబట్టి ఈ ఒక్క క్రిస్మస్‌కీ మీ అపార్టుమెంటు వాళ్లని వెంటేసుకుని రావద్దని మనవి.

ఇట్లు,
నీ వదిన లిదియా.

తా.క.: ఫోను చెయ్యకు. మళ్లీ చెబుతున్నాను, చెయ్యకు.

* * *

మధురవాడ, విశాఖపట్నం,
డిసెంబరు 5.

మై డియర్ వదినా,

నీ ఉత్తరం చూసి మా వాచ్‌మన్ ఎవరో పోయారనుకున్నాడు పాపం. మేం బాగున్నాం, మీరూ బాగుండాలని నా ప్రేయర్.

అరవయ్యా! నమ్మలేకపోతున్నా. చాలా హేపీ వదినా. నీకోసం నువ్వు ఎప్పుడు బతుకుతావు? వెళ్లాలి, తప్పకుండా వెళ్లాలి. కాకపోతే మా అపార్టుమెంటు వాళ్లంతా ఎప్పుడో లీవులు పెట్టేశారు. మీ అరకు వలిసెపూల చేలల్లో దిగే ఫోటోలకి చీరలు కూడా మేచింగ్ కొనేశారు. ఆ పూలు నీ పుట్టినరోజు అయ్యేదాకా ఆగవు కదా. అందుకని చిన్న మాట అడుగుతాను, ఏమనుకోకు. తాళం ఎవరికిచ్చి వెళ్తారు?

నువ్వు లేవని మేం ఏమీ అనుకోం. బొంగు చికెన్‌కి మసాలా నూరి, బొంగులు కోయించి పెట్టి వెళితే చాలు. మిగతాది మేం చూసుకుంటాం. దుప్పట్లు మాత్రం ఉతికించు, పోయిన ఏడాది పొగ వాసన వచ్చాయని మా ఫ్లోర్ వాళ్లు అన్నారు.

లవ్,
నీ ఆడపడుచు జాయ్స్.

తా.క.: వచ్చేటప్పుడు కాఫీ గింజలు, పసుపు, రాజ్మా, పెద్ద అల్లం తెండి. హోటల్ వాళ్లకి కాదు, నాకు.

ఇంకో తా.క.: ఆగలేకపోతున్నాను వదినా. ఆదివారం అన్నయ్యకి ఫోను చేసి నా ఆనందం నేనే చెప్పేస్తాను.

* * *

చినగెడ్డవలస,
డిసెంబరు 8.

జాయ్స్‌కి,

వందనాలు. మేం క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు.

నీ ఫోను ఆరాధన ముగిసి జనమంతా మెట్ల మీద చెప్పులు వెతుక్కునే వేళకి వచ్చింది. మీ అన్నయ్య చెయ్యెత్తి అందరినీ ఆగమన్నాడు. స్పీకరు పెట్టాడు. నువ్వేమన్నావో నీకు గుర్తుందో లేదో, ఇక్కడ పిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ల దాకా కంఠతా వచ్చింది. "హోటలేంటి అన్నయ్యా? మా ఇల్లు లేదా? మీరిద్దరేనా, అందరూ రావాలి మరి!"

"ఆమేన్" అంది సంఘం.

నేను అప్పుడే అడ్డం పడ్డాను. "పట్నం పిల్ల, మాటవరసకి అంది, ఎవరి పని వాళ్లు చూసుకోండి" అన్నాను. సోములమ్మ నన్ను ఎగాదిగా చూసి, "ఏటమ్మా, ఆడపడుసు పిలిత్తే నీకు కడుపుమంటేటి?" అంది. మీ ఊళ్లో పిలుపంటే ఏమిటో నాకు తెలీదు. ఇక్కడ పిలిచారంటే వెళ్లడమే. పిలిచినా వెళ్లకపోతే ఆ ఇంటితో తగువున్నట్టు లెక్క.

ఇంటికొచ్చాక మీ అన్నయ్య, "హోటలు మానేద్దారి. సెల్లి అంత ఇదిగా పిలిత్తే డబ్బులిచ్చి పరాయోళ్ల మంచం మీద పడుకుంటామేటి? సుక్రుకి సెప్పి గది వద్దనీయ్" అన్నాడు. అరవై ఏళ్లలో ఒక్క టీ అడిగాను జాయ్స్. వెంటనే మీ అన్నయ్యకి ఉత్తరం రాయి. ఇల్లు చాలదని, రంగులు వేయిస్తున్నామని, ఏదో ఒకటి.

ఇట్లు,
లిదియా.

తా.క.: మీ లిఫ్టులో మేక పడుతుందా అని సోములమ్మ అడగమంది.

* * *

మధురవాడ,
డిసెంబరు 11.

స్వీట్ వదినా,

హహ్హా, మేక జోకు సూపర్. మా ఆయనకి చదివి వినిపించాను.

ఇల్లు చాలకపోవడమేంటి? హాల్లో సోఫా ఉంది, తెరిస్తే మంచమవుతుంది. ఆలోచించిన కొద్దీ ఇదే బెస్ట్ అనిపిస్తోంది. ఇరవై అయిదున మా అపార్టుమెంటులో క్రిస్మస్ లంచ్ పెట్టేద్దాం. నీ చేతి పులావు అని మా అసోసియేషన్ గ్రూపులో పెట్టాను, అప్పుడే అందరూ బొటనవేళ్లు ఎత్తేశారు. పుట్టినరోజు నాడు కిచెన్‌కి నువ్వే క్వీన్! నీ అలవాటు కూడా తప్పదు, కొత్తచోట బెంగ పెట్టుకోకుండా ఉంటుంది.

భోంచేసి మధ్యాహ్నమే మేమంతా అరకు బయల్దేరతాం. తాళం మీ దగ్గరే తీసుకుంటాం కాబట్టి ఆ బాధా లేదు. మీరిద్దరూ ఫ్లాట్‌లో హాయిగా రెస్ట్ తీసుకోండి. మా బ్రూనో ఒంటరిగా ఉండలేడు. వాడికి రెండు పూటలా అన్నం పెట్టి, కింద తిప్పుకురావాలి అంతే. మనుషుల కంటే బుద్ధిమంతుడు.

సముద్రం ఎక్కడికి పోతుంది వదినా? మా టెర్రస్ చివరికెళ్లి, నీళ్ల టేంకు పక్కనుంచి వంగితే కనిపిస్తుంది.

ప్రేమతో,
జాయ్స్.

తా.క.: "అందరూ" అని నువ్వు భయపెడుతున్నావు కానీ, అన్నయ్యతో పాటు ఓ ఇద్దరొస్తారా? రానీ. గిన్నెలు తోమడానికి సాయముంటుంది.

* * *

చినగెడ్డవలస,
డిసెంబరు 15.

జాయ్స్‌కి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బ్రూనో గురించి ఉన్న చోట మూడుసార్లు. ఇక నిన్ను బతిమాలడం మానేశాను. సమాచారం మాత్రం రాస్తున్నాను.

క్రిస్మస్ ముందు రాత్రి పాటల మేళం ఇల్లిల్లూ తిరుగుతుందని తెలుసు కదా. నువ్వూ పుట్టింటి అలవాటు మర్చిపోయి ఉండవు. మొదటి ఇల్లు సంఘపెద్దది. అక్కడ పాడి, తిని, టీ తాగితే గానీ రెండో గడప తొక్కరు. ఈ ఏడాది సంఘపెద్ద ఆ రాత్రి మీ సోఫాలో పడుకుంటాడు. మరి మొదటి ఇల్లు ఏది? కమిటీ కూర్చుని తేల్చింది. మీదే. కాబట్టి మేళం వస్తోంది, డప్పులతో.

మేళం వస్తుంటే వాళ్ల ఇళ్లవాళ్లు ఆగలేదు. వాళ్లు వెళ్తుంటే మిగిలినవాళ్లు, "మమ్మల్ని పిలవనేదా ఏటి?" అని తగువేసుకున్నారు. రెండు బస్సులు మాట్లాడారు. ఏటా నువ్వు ఎంతమందిని తీసుకొచ్చినా మేం ఎప్పుడైనా లెక్క అడిగామా? ఆ మాటే అందరూ చెప్పుకుంటున్నారు. "మా సెల్లి మనసు సానా పెద్దది" అని మీ అన్నయ్య మెట్ల మీద ఏడ్చాడు కూడా.

ఇట్లు,
లిదియా.

తా.క.: మేక జోకు కాదు.

* * *

మధురవాడ,
డిసెంబరు 19.

వదినా! వదినా!

క్షేమం లేదు. మా ఆయన నిన్నట్నుంచి గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

మర్యాదకి అన్నాను వదినా! ఇక్కడ అందరం అంటాం. ఎదుటివాళ్లు "అయ్యో, ఎందుకండీ శ్రమ" అంటారు, అయిపోతుంది. మీవాళ్లెవరూ ఆ మాట అనలేదేంటి? మా సెక్రటరీ రాత్రి పది దాటాక సెల్‌ఫోను మోగితేనే నోటీసు అంటిస్తాడు. డప్పులంటే నన్నే గేటుకి అంటిస్తాడు.

ఆపుదామని మూడుసార్లు ఫోను చేశాను. చేసిన ప్రతిసారీ అన్నయ్య "జాయ్సమ్మ లైన్లో ఉంది, వందనాలు సెప్పండి" అంటాడు. ఊరంతా ఒక్కసారి వందనాలంటుంటే రావద్దని ఎలా అంటాను? మూడోసారి నా నోట్లోంచి "మీకోసమే ఎదురుచూస్తున్నాం" అని వచ్చేసింది.

నువ్వే దిక్కు. నీకు ఒంట్లో బాగోలేదని చెప్పు. లేదా ఒకరోజు ముందొచ్చి వంట మొదలుపెట్టు. నీకు అలవాటే కదా, వందమందైనా నువ్వు చిటికెలో వండేస్తావు. అరకు ట్రిప్ మేం కేన్సిల్, మా ఫ్రెండ్స్ మాత్రం వెళ్తున్నారు. వాళ్లిప్పుడు నాతో మాట్లాడడం లేదు.

ఏడుస్తూ,
జాయ్స్.

తా.క.: గుండిగ మా గేస్ స్టవ్ మీద కూర్చుంటుందా?

* * *

బీచి రోడ్డు, విశాఖపట్నం,
డిసెంబరు 24, సాయంత్రం.

నా ప్రియమైన ఆడపడుచుకి,

నీ వదిన లిదియా ఎంతో సంతోషంతో రాసేది. ఈ ఉత్తరం సుక్రు చేతికిచ్చి పంపుతున్నాను. నీకు అందేసరికి రెండు బస్సులూ మీ గేటు దగ్గర ఉంటాయి. దిగినవాళ్లలో నాకోసం వెతక్కు.

ఒంట్లో బాగోలేదని కాదు గానీ, నువ్వు రాసిన మాటే చెప్పాను. పట్నంలో మర్యాదకి పిలుస్తారట, నిజంగా రమ్మని కాదట అని ఆదివారం అందరి ముందూ లేచి చెప్పాను. సోములమ్మ, "మనవూ మరేదకే ఎల్తన్నాం కదా!" అంది. దానికి జవాబు నీ దగ్గరుంటే ఇప్పుడు చెప్పుకో, నీ ఎదురుగానే ఉంటుంది. డప్పు పక్కన ఎర్రచీర.

హోటలు వద్దని సుక్రుకి చెప్పమన్నాడు కదా మీ అన్నయ్య, ఆ మాట నేను మర్చిపోయాను. అరవై వస్తున్నాయి, మతిమరుపు సహజం. అందరినీ బస్సులెక్కించి, సామాన్ల జీపులో మేమిద్దరం వెనకాల వచ్చాం. సముద్రం కనపడగానే సుక్రు బండి తిప్పాడు. "ఓరే, ఇటెక్కడికిరా? బేగి పోనీ, మేళం మొదలెట్టేత్తారు!" అని మీ అన్నయ్య ఒకటే కేకలు. "మాటిచ్చింది ఎవరు?" అని అడిగాను, అంతే. సుక్రు భుజం మీంచి చెయ్యి తీసేశాడు. నా వైపు తిరిగి, "పెద్దను నేనే నేకపోతే మొదటిల్లు ఎలాగవుద్ది?" అన్నాడు. "పిలిచినామె ఉంది కదా" అన్నాను.

గదిలోకొచ్చి గంటసేపు అలిగాడు. ఆయన అధ్యక్షత వహించడానికి ఇక్కడ సంఘం లేదు, నేనొక్కదాన్నే మరి. తర్వాత కిటికీ దగ్గర నా పక్కన కూర్చున్నాడు. మెల్లగా, ఎవరికీ వినపడకుండా, "నిన్ను తేడానికి ఆలీసం సేసీసేనే" అన్నాడు. స్పీకరు లేకుండా ఆయన గొంతు ఎంత బాగుంటుందో మర్చిపోయాను జాయ్స్. ఫోను నా కొంగుముడిలో ఉంది. నువ్వు చేస్తూనే ఉన్నావు, కొంగు వణుకుతోంది.

ఇందాకే ఒక అబ్బాయి టీ తెచ్చాడు. "చల్లారిపోతుంది, తాగండమ్మా" అన్నాడు. ఆ మాట నేను ఎంతమందికి చెప్పానో గానీ నాకెవరూ చెప్పలేదు. ఏడుపొచ్చింది. టీ మాత్రం బాగోలేదు. పంచదార నీళ్లు. అయినా రేపు పొద్దున మళ్లీ తెమ్మన్నాను.

మీ ఫ్రెండ్స్‌కి చెప్పు, ఇంటి తాళం గుమ్మం పక్కన మేకుకి వేలాడుతోంది. పొయ్యి ఉంది, కట్టెలున్నాయి. మసాలా నూరలేదు. వండిపెట్టడానికి ఊళ్లో ఎవరూ లేరు, అందరూ మీ ఇంట్లో ఉన్నారు.

ఇట్లు,
రేపటికి అరవై నిండే నీ వదిన లిదియా.

తా.క.: గుండిగ సుక్రు దింపుతాడు, గరిట అందులోనే ఉంది. మేకతో బ్రూనోని జాగ్రత్తగా ఉండమను. అందరూ రావాలి మరి అన్నావు. ఇద్దరం తగ్గాం, ఏమనుకోకు.