పాలుకిచ్చిన మూడు కోళ్లు

దంతాలపల్లి దగ్గర తండా,
జనవరి 6

ప్రియమైన కళావతి అక్కకు,

నీ చెల్లెలు విజయ రాస్తున్నది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను అత్తమ్మ దగ్గర ఉంటుంది. అడిగితే స్పీకరు పెట్టి ఇస్తుంది. ఆమె వింటుంటే నాకు నోరు పెగలదు. అందుకే హరిలాల్ అన్న ఆటోలో ఈ కాగితం పంపుతున్నాను. నా ఐదో తరగతి చదువు ఇందుకైనా పనికొచ్చింది.

పిల్లలతో కలిపి కోళ్లు పద్నాలుగైనాయి అక్కా. నల్లపెట్ట పదకొండు గుడ్లు పొదిగితే తొమ్మిది పిల్లలు లేచాయి. రెండింటిని గద్ద ఎత్తుకుపోయింది. పాత కుండలో పేడ, ఎండుగడ్డి పెట్టి నేల మీద బోర్లించి పిల్లల మేతకు చెదలు పట్టిస్తున్నాను. కుండ ఎత్తగానే పిల్లలన్నీ నా కాళ్ల మీదికి ఎగబడతాయి. ఊడ్చిన వాకిలి ఊడ్చినట్టే పాడుచేస్తాయి. అత్తమ్మ వాటిని తిడుతూనే నూకలు చల్లుతుంది. నాటుకోళ్లకు ఇప్పుడు గిరాకీ బాగుంది, ఇంటికే వచ్చి అడుగుతున్నారు.

కోళ్లు నిలబడితే ఈ ఏడు మిరపతోటకు పోవద్దన్నాడు మా ఆయన. మేస్త్రి జంటలనే తీసుకుంటాడు కదా, నేను వెళ్లకపోతే ఆయనకూ పని లేదు. పోయినేడు భూపాలపల్లి అవతల ఆ తోటలో రోజంతా వంగి కాయ ఏరుతుంటేనే నా కడుపు పోయింది. ఇప్పుడు మళ్లీ రెండో నెల. ఇది కూడా పోతే అందరి మొహాలూ మళ్లీ చూడలేను. అందుకే ఆయనకు కూడా చెప్పలేదు. నీకొక్కదానికే చెబుతున్నాను.

నీ చెల్లెలు
విజయ

*

పాలకుర్తి దగ్గర తండా,
జనవరి 11

నా బంగారు చెల్లె విజయకు,

నీ కబురు చదివినప్పటి నుంచి పనిలో కూడా నవ్వుకుంటున్నానట. ఎందుకని మీ బావ అడిగాడు, చెప్పలేదు. నీళ్ల బిందె నిండుగా ఎత్తకు. పచ్చి బొప్పాయి ముట్టకు. ఈసారి నిలుస్తుంది, నా మాట నమ్ము.

హరిలాల్ వెంట మూడు కోళ్లు పంపుతున్నాను. రెండు పెట్టలు, ఒక పుంజు. ఇక్కడ గూటి చుట్టూ అడవిపిల్లి తిరుగుతోంది. నువ్వు పాలుకు పెంచు, పుట్టిన పిల్లల్లో సగం నీవి, సగం నావి. అక్క కోళ్లను కాదనవని తెలుసు. కొత్తచోటు కదా, విడిగా ఉంచితే బెదురుతాయి. నీ కోళ్లతోనే గూట్లో పెట్టు, వారంలో కలిసిపోతాయి. మేత తింటున్నాయో లేదో మాత్రం వెంటనే రాయి. మరిచిపోకు.

నీ అక్క
కళావతి

*

జనవరి 26

ప్రియమైన అక్కకు,

ఎట్లా రాయాలో తెలియడం లేదు. నీ పుంజు నాలుగో రోజే మేత మానింది. మరునాటికి మెడ వంకర తిరిగి పడిపోయింది. తర్వాత నీ పెట్టలు, ఆ తర్వాత నావి. నోరు తెరిచి గురక పెట్టాయి, పచ్చగా పారుకున్నాయి. పిల్లలన్నీ ఒక్క పూటలో పోయాయి. గూట్లో ఇప్పుడు ఏమీ లేదు. పొద్దున అలవాటుగా తలుపు తీసి, అక్కడే కూర్చుండిపోతున్నాను.

పశువుల దవాఖాన నుంచి వచ్చినాయన కొక్కెర తెగులన్నాడు. తగిలాక మందు లేదట, ముందే టీకా చుక్కలు వేయించాలట. కొత్త కోళ్లు ఎక్కడివని అడిగాడు. తండా వాళ్లంతా చుట్టూ ఉన్నారు. నాకెక్కడి ధైర్యం వచ్చిందో, గొంతెత్తి చెప్పాను.

“మా అక్కవి సార్. మా అక్క ఇంట్ల ఏ రోగం లేదు. ఉంటే నాకు చెప్పకుంటదా?”

అయితే సంతలో కోళ్లు కొని తెచ్చిన దేవ్యా ఇంటి నుంచి తగిలి ఉంటుందన్నాడు. ఆ రోజు నుంచి దేవ్యా భార్యను బోరింగు దగ్గర ఎవరూ పలకరించడం లేదు.

ఇంట్లోవాళ్లు మేస్త్రికి మా జంట పేరు ఇచ్చేశారు. వచ్చే వారమే బండి. నీ కోళ్లను కాపాడలేకపోయాను, మన్నించు. మీ ఇంట్లో ఉన్నవాటికైనా చుక్కలు వేయించు.

నీ చెల్లెలు
విజయ

*

జనవరి 30

చెల్లె విజయకు,

ఇక్కడ కోళ్లన్నీ బాగానే ఉన్నాయి. నీవి పోయినందుకు బెంగ పెట్టుకోకు, కోళ్లన్నాక పోతుంటాయి, మళ్లీ పెంచుకోవచ్చు. తోటలో ఎక్కువ వంగకు. నడుముకు మెత్తని గుడ్డ బిగించుకో.

కళావతి

*

ఫిబ్రవరి 4

కళావతికి,

నీ ఉత్తరం ఇచ్చాక కూడా హరిలాల్ అన్న ఆటో తీయలేదు. అక్క కోళ్లయినా బాగున్నాయట అని నేను సంతోషపడుతుంటే, తల వంచుకుని అంతా చెప్పాడు. అవి నా గూటికి రాకముందే నీ గూట్లో పదిహేను చచ్చాయట. మిగిలిన మూడింటిని ఆటోలో పెడుతూ, “ఊరు దాటిస్తే బతుకుతయి. మా చెల్లెకు చెప్పకు” అన్నావట.

రోగమొస్తే మిగిలిన కోళ్లను చుట్టాలిళ్లకు దాటించడం మన తండాల్లో ఉన్నదే. కానీ దాటించేవాళ్లు ఒక మాట చెబుతారు. ఉంచుకునేవాళ్లు వాటిని వేరే గంప కింద కమ్ముకుంటారు. ఆ ఒక్క మాట రాస్తే నేను కాదనేదాన్నా? నువ్వు నా కోళ్లతోనే గూట్లో పెట్టమన్నావు. నా కడుపులో ఏముందో, ఆ గూటి మీద ఏం ఆధారపడి ఉందో నీకొక్కదానికే తెలుసు.

ముందు దేవ్యా ఇంటికి వెళ్లాను. ఆయన భార్యకు అందరూ వినేట్టు తప్పు ఒప్పుకున్నాను. ఆమె నన్ను కూర్చోమనలేదు. తర్వాత అత్తమ్మకు కోళ్ల సంగతి చెప్పాను, కడుపు సంగతీ చెప్పాను. తల ఎత్తలేకపోయాను. ఆమె బండి కోసం కట్టిన మూట ముందు కూర్చుంది.

“గా ముచ్చట నాకు చెప్పక గామెకు చెప్పినవా?” అంది.

ఆమె మూట విప్పి నా చీరలు తీసేసి, తన చీరలు పెట్టుకుంది.

“నా కొడుకుతోని జంట నేనైత. నువ్వు మిరపచేను మొఖం సుత చూడకు.”

మోకాళ్లు పట్టుకుని గాని లేవలేని మనిషి. ఈ పొద్దున కొడుకు చెయ్యి పట్టుకుని బండెక్కింది.

అమ్మ పోయినప్పటి నుంచి నీ ఇల్లే నాకు పుట్టిల్లు అనుకున్నాను. పురుటికి నీ దగ్గరికే వద్దామనుకున్నాను. రాను. బిడ్డను ఇక్కడే కంటాను. ఆ కబురు ఎవరైనా నీకు చెబుతారేమో, నేను మాత్రం రాయను.

విజయ